పిక్కకు కట్టే ఈఎంఎస్ పట్టీ: జివ్వుమంటోంది తప్ప కండ కదలట్లేదు

కుర్చీకాళ్లు
పిక్కకు చుట్టుకునే ఛార్జింగ్ ఈఎంఎస్ పట్టీ, అంటే కరెంటుతో కండను బిగించేది. లోపల రెండు గుండ్రటి ప్యాడ్లు, మొత్తం 20 లెవెల్స్. 8 దాకా ఏమీ తెలీదు. 12 దగ్గర చీమలు పాకినట్టుంటుంది. 15 దాటితే ఒక ప్యాడ్ అంచున సూది గుచ్చినట్టు చురుక్కు. పిక్క మాత్రం బిగుసుకోదు. తీశాక సరిగ్గా ఆ అంచు దగ్గరే ఎర్ర చుక్క, గంట దాకా పోదు. మాన్యువల్లో "రక్తప్రసరణ మోడ్, 20 నిమిషాలు" అని ఉంది, అంతే. సాయంత్రానికి రెండు చీలమండలూ ఉబ్బి సాక్స్ గీత పడుతోంది, కొన్నది అందుకే. పెట్టడం తప్పా, వస్తువే తప్పా?

పిక్క_పంపు
కండ కదలకపోతే రక్తమూ కదలదు. ముందు ఆ ముక్క పట్టుకోండి. చీమలు పాకినట్టుండటం అంటే చర్మంలోని స్పర్శ నరాలు లేచాయి, కండను నడిపే నరం ఇంకా లేవలేదు అని అర్థం. పిక్క కండ బిగిసి, లోపలి సిరల్ని పిండి, రక్తాన్ని పైకి తోయాలి. కిందికి జారకుండా కవాటాలు ఆపుతాయి. ఈ పంపు ఆడటమే మనకు కావలసింది. జివ్వుమనడం దారిలో తగిలే చప్పుడు మాత్రమే.

రెండు ప్రశ్నలు. ప్యాడ్ల సైజు ఎంత? ఎక్కడెక్కడ కూర్చుంటున్నాయి?

కుర్చీకాళ్లు
ఒక్కోటి 2 సెం.మీ. అడ్డం ఉంటుంది. రెండింటి మధ్య 4 సెం.మీ. పట్టీని పిక్క మధ్యలో కడుతున్నా.

జెల్లుబాబు
అదీ సంగతి. 2 సెం.మీ. బిళ్ల పిక్కకు చాలదు. వైశాల్యం 3 చదరపు సెం.మీ. చిల్లర. మామూలుగా పిక్కకు వాడే 5×5 చదరపు ప్యాడ్ 25. అంటే అదే కరెంటు ఎనిమిదో వంతు జాగాలోంచి దూరుతోంది. కండకు చేరేలోపే చర్మం కేకలు పెడుతుంది.

పైగా ప్యాడ్లు మరీ దగ్గర. దగ్గరగా పెడితే కరెంటు పైపైనే ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతుంది. దూరం పెంచితే లోతుకి దిగుతుంది.

ఓమ్_మామ
జెల్లుబాబు చెప్పినదానికి లెక్క కడతా. 30 ఎంఏ (మిల్లీ ఆంపియర్లు), ప్లస్ మైనస్ రెండూ ఉన్న పల్స్, అందులో ఒక్కో ఫేజు (ప్లస్ ముక్క ఒకటి, మైనస్ ముక్క ఒకటి) 300 మైక్రోసెకన్లు, సెకనుకి 30 పల్స్‌లు అనుకుందాం. కరెంటు పారే సమయం 30 × 600 మైక్రోసెకన్లు, అంటే 0.018. వర్గమూలం 0.134. దాన్ని 30తో గుణిస్తే ఆర్ఎంఎస్ (వేడి లెక్కకి సరిపోయే ఒక రకం సగటు) 4 ఎంఏ.

5×5 ప్యాడ్ మీద: చదరపు సెం.మీ.కి 0.16 ఎంఏ.
2 సెం.మీ. బిళ్ల మీద: 1.28.
ఆ బిళ్ల అంచు లేచి సగమే అంటుకుంటే: 2.5 పైన.

స్టిమ్యులేటర్లకు ఉన్న ఐఈసీ 60601-2-10 ప్రమాణం ప్రకారం చదరపు సెం.మీ.కి 2 ఎంఏ ఆర్ఎంఎస్ దాటే ఎలక్ట్రోడ్లుంటే ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పాలి. మీ ఎర్ర చుక్క అక్కడిదే. పట్టీ వంగే చోట ప్యాడ్ అంచు లేస్తోంది, మిగిలిన ముక్క మీద బరువంతా పడుతోంది.

అనుమానాల_అప్పి
ఇంత లెక్క ఎందుకు మామా. లేచి నాలుగడుగులు వేస్తే సరి, కరెంటూ వద్దు, జిగురూ వద్దు.

సిరల_సంగతి
అప్పి మాట తీసెయ్యలేం. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 మి.మీ. పాదరసం. కవాటాలు బాగున్నవాళ్లు నడవడం మొదలుపెడితే కొద్ది అడుగుల్లోనే 30 లోపుకి పడిపోతుంది. ఏ పట్టీ దీనికి సాటి రాదు. నడవగలిగినవాళ్లకి నడకే. కుర్చీలోంచి లేవలేకపోతే పాదాన్ని పైకీ కిందికీ గంటకోసారి 20 సార్లు ఆడించడం.

పట్టీకి అసలు చోటు మంచం దిగలేనివాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, కాలు స్వాధీనంలో లేనివాళ్ల దగ్గర. 2014లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ మోకాలి పక్క నరాన్ని లేపే చిన్న పరికరానికి (గెకో) మార్గదర్శకం ఇచ్చింది. అందులోనూ షరతుంది: రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉండి, మందులూ ఇతర యాంత్రిక పద్ధతులూ కుదరనివాళ్లకి అని. "అందరూ కట్టుకోండి" అని కాదు.

రాత్రిడ్యూటీ
ఎవరూ అడగలేదు గనక నేనడుగుతా. వాపు రెండు కాళ్లకీ ఒకేలా ఉందా? ఉదయానికి తగ్గుతోందా? బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారా?

ఒక్క కాలే ఉన్నట్టుండి ఉబ్బి, పిక్క నొప్పిగా వెచ్చగా ఉంటే పట్టీ జోలికి పోకూడదు. సిరలో రక్తపు గడ్డ ఉందేమో డాప్లర్ స్కాన్ తీయించాలి. గడ్డ ఉందన్న అనుమానం మీద ఆ పిక్కను పిండడమంటే దాన్ని కదిలించే ప్రయత్నమే. రెండు కాళ్లకీ ఉండి, ఆయాసమూ ఉంటే గుండె, మూత్రపిండాలు చూపించుకోవాలి. ఆమ్లోడిపిన్ వాపైతే మందు సంగతి డాక్టరుతో మాట్లాడాలి, పిక్క చేసిన నేరం ఏమీ లేదు.

కుర్చీకాళ్లు
రెండింటికీ సమానం. పొద్దున్నకి పూర్తిగా పోతుంది. బీపీ మందు లేదు. పరీక్షలన్నీ బాగున్నాయి, ఎక్కువసేపు కూర్చోవడమే కారణమన్నారు.

పిక్క_పంపు
అయితే ముందుకి పోవచ్చు. ప్యాడ్లు విడిగా పెట్టుకునే వీలుందా? పట్టీకి స్నాప్ బటన్లుంటే బిళ్లలు పీకేసి 5×5 జెల్ ప్యాడ్లు తగిలించండి. చోటు ఇలా:

పై ప్యాడ్ మోకాలి వెనక మడతకి నాలుగు వేళ్లు కింద, పిక్క లావుగా ఉన్న లోపలి వైపుకి. మడతలో పెట్టొద్దు, అక్కడ నరమూ పెద్ద నాళాలూ పైకే ఉంటాయి. కింది ప్యాడ్ పిక్క ఉబ్బు ముగిసే చోట, గట్టి స్నాయువు మొదలయ్యేలోపు. స్నాయువు మీద పెడితే బిగిసే కండే లేదక్కడ, ఊరికే చురుక్కుమంటుంది.

లెవెల్ ఒక్కొక్కటే పెంచుతూ పిక్క మీద అరచెయ్యి వేసి ఉంచండి. కండ గట్టిపడి బంతిలా లేవాలి. లేవకపోతే ఆపేసి పై ప్యాడ్‌ని ఒక వేలు వెడల్పు లోపలికో బయటికో జరిపి మళ్లీ చూడండి. ఒక్కొక్కరికి ఆ బిందువు ఒక్కో చోట. దొరికాక స్కెచ్ పెన్నుతో చుట్టూ గీసుకుంటే రేపు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

చురుక్_చురుక్
స్కెచ్ పెన్ను చిట్కా బాగుంది. ఆఫీసులో ప్యాంటు మడిస్తే పిక్క మీద చదరంగం బల్ల.

జెల్లుబాబు
ప్యాడ్ పెట్టేముందు చర్మం. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె, లోషన్ ఉంటే కరెంటు దూరదు, జిగురూ చస్తుంది. వెంట్రుకలు ఒత్తుగా ఉంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించండి, రేజర్ వద్దు. కంటికి కనపడని గాట్లలోంచి కరెంటంతా పోయి అక్కడే మంటెత్తుతుంది.

ప్యాడ్ బతికేది సుమారు 20, 30 సార్లు. జిగురు తగ్గితే వేలితో ఒక చుక్క నీళ్లు రాసి అయిదు నిమిషాలు ఉంచితే కొంతకాలం లాగుతుంది. వాడాక తప్పనిసరిగా ఆ ప్లాస్టిక్ షీట్ మీదే అంటించండి. తీసేటప్పుడు అంచు పట్టి ఒలవాలి, తీగ పట్టి లాగకండి.

వెండి దారాలు నేసిన తొడుగు రకం వేరే కథ. పొడిగా తొడిగితే కండకి ఏమీ చేరదు, పైన చురుకు. నీళ్లతో తడిపే తొడగాలి, ఇరవై నిమిషాల్లో ఆరడం మొదలైతే మళ్లీ చురుకు. "మొదట బాగుండి చివర్లో గుచ్చుతోంది" అన్న ఫిర్యాదుల్లో సగం ఈ ఆరిపోవడమే.

ఓమ్_మామ
ఆ ఆరిపోవడం వెనక ఇంకో చిక్కుంది. మంచి పరికరం కరెంటును స్థిరంగా ఉంచుతుంది. చర్మం నిరోధం 1 కిలో ఓమ్ ఉంటే 30 ఎంఏకి 30 వోల్టులు చాలు. ప్యాడ్ ఎండి 3 కిలో ఓమ్ అయితే 90 కావాలి. 3.7 వోల్టుల చిన్న లిథియం సెల్లు నుంచి అంత పైకి లేపే సర్క్యూట్ చవక పట్టీల్లో ఉండదు. కరెంటు పడిపోతుంది, మనిషి లెవెల్ పెంచుతాడు. ఈలోగా చెమట పట్టి నిరోధం దిగుతుంది, ఒక్కసారిగా ఝాడించి తంతుంది. వోల్టేజీని మాత్రమే స్థిరంగా ఉంచే రకాల్లో ఈ తన్ను ఇంకా ఘోరం.

అందుకే ప్యాడ్ సరిచేసిన ప్రతిసారీ లెవెల్ సున్నాకి దించి మొదలుపెట్టండి. 15లో ఉంచి ప్యాడ్ అంటించొద్దు.

కుర్చీకాళ్లు
స్నాప్ బటన్లే ఉన్నాయి. 5×5 పెట్టా, దూరం పెంచా. చురుక్కు పోయింది. 20లో కండ కొద్దిగా అదురుతోంది, బంతిలా మాత్రం లేవట్లేదు. 20 దాటి పెంచడానికి లేదు.

ఓమ్_మామ
అయితే పల్స్ వెడల్పు అనుమానం. చాలా పట్టీలు నొప్పికి వాడే టెన్స్ సర్క్యూట్‌నే "మసాజ్" అని పేరు మార్చి పెడతాయి. 100 మైక్రోసెకన్ల లోపు పల్స్, సెకనుకి 100. స్పర్శ నరాలకి అది చాలు. కండ నరానికి 200 నుంచి 400 కావాలి. ఆ నరానికి క్రోనాక్సీ (నరాన్ని లేపే కనీస కరెంటుకి రెట్టింపు ఇస్తే కావలసిన పల్స్ వెడల్పు) 200 అనుకుంటే, 300 వెడల్పుతో వచ్చే ఫలితం 100తో రావాలంటే కరెంటు 1.8 రెట్లు పెంచాలి. మీ పట్టీ దగ్గర అంత లేదు.

కొలిచి చూడండి. ప్యాడ్ తీగల మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని మీద ఆసిల్లోస్కోప్ 10ఎక్స్ ప్రోబ్. 1 వోల్టు కనపడితే 1 ఎంఏ, లెక్క సులువు. పరికరం ఒంటి మీద ఉండకూడదు, ఛార్జర్‌కి తగిలించి ఉండకూడదు. చూడాల్సినవి: ఎత్తు, ఫేజు వెడల్పు, సెకనుకి ఎన్ని, ప్లస్ తర్వాత మైనస్ వస్తోందా, బిగింపు ఎన్ని సెకన్లు, విరామం ఎన్ని సెకన్లు.

స్కోప్ లేకపోతే మల్టీమీటర్ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి అదే రెసిస్టర్ మీద చూడండి. ప్లస్ మైనస్ సరితూగితే సున్నా చుట్టూ ఆడుతుంది. 30 ఎంఏ, 300 మైక్రోసెకన్లు, 30 హెర్ట్జ్ ఒకే దిక్కు పల్స్ అయితే సగటు 270 మిల్లీవోల్టులు చూపిస్తుంది. అలాంటిది పారేయండి. ఒకే దిక్కుకి పారే కరెంటు ఒక ప్యాడ్ కింద ఆమ్లం, ఇంకోదాని కింద క్షారం తయారుచేసి చర్మాన్ని కాలుస్తుంది.

అనుమానాల_అప్పి
కాళ్ల వాపుకి స్కోప్. సంతోషం. ఇంకొంచెం పోతే రాడార్ పెట్టిస్తారు.

పిక్క_పంపు
అప్పీ, నువ్వు నడువు. మాకు పనుంది.

బిగింపు, విరామం గురించి చెప్తా, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సెకనుకి 30, 35 పల్స్‌లు, ఎక్కడానికి ఒక సెకను, బిగింపు 3 సెకన్లు, విరామం 10. పదేసి సెకన్లు బిగించి ఉంచితే లాభం లేదు. సిరల్లోంచి పోవలసింది మొదటి ఒకటి రెండు సెకన్లలోనే పోతుంది, తర్వాత ఊరికే పిసుకుతున్నట్టే. పైగా బిగిసినంతసేపూ కండలోకి కొత్త రక్తం రావడం తగ్గుతుంది.

సిరల_సంగతి
విరామం నేనైతే ఇంకా పెంచుతా. ఖాళీ అయిన సిరలు కింద నుంచి నిండాలంటే, కవాటాలు బాగున్న కాలికి 20 సెకన్లు పైనే పడుతుంది. నిండకముందే పిండితే వచ్చేది కొంచెమే. నిమిషానికి రెండు మూడు గట్టి బిగింపులు చాలు.

పిక్క_పంపు
కాగితం మీద సరే. కూర్చున్న కాలిలో పూర్తిగా ఖాళీ అవడం అరుదు, సగం మిగిలే ఉంటుంది. అందుకే 10 పెడతాం. కవాటాలు చెడినవాళ్లకి కింద నుంచి కాక పై నుంచే గబగబా నిండిపోతుంది, వాళ్లకి ఇంకా తక్కువ. పది పన్నెండు దగ్గర ఒప్పుకుందామా?

సిరల_సంగతి
పన్నెండు. అంతకు తగ్గను.

రాత్రిడ్యూటీ
బేరం తేలింది. అయితే గెకో లాంటివి సెకనుకి ఒక్క పల్స్‌తో పనిచేస్తాయి కదా, అది తప్పా మరి?

పిక్క_పంపు
తప్పు కాదు, దారి వేరు. అది కండను కాదు, నరాన్ని పట్టుకుంటుంది. మోకాలి బయటి వైపు, కాస్త కింద, చేతికి తగిలే ఎముక బుడిపె ఉంటుంది, ఫిబ్యులా తల. పెరోనియల్ నరం దాని వెనక నుంచి చుట్టుకుని వస్తుంది. అక్కడ చిన్న పల్స్ పడితే చాలు, పాదం పైకీ బయటికీ టక్కుమంటుంది. ఒక్కో టక్కుకి తోసేది కొద్దిగానే అయినా నిమిషానికి 60 సార్లు. కండ అలవదు, గంటల తరబడి ఉంచొచ్చు. పిక్కను గట్టిగా బిగించే పద్ధతిలో కరెంటు ఎప్పుడూ అవే తంతువుల్ని, అన్నింటినీ ఒకేసారి లేపుతుంది. ఒంటికి మల్లే వంతులు వేసి వాడదు. అందుకే 20, 30 నిమిషాలకే పట్టు సడలుతుంది.

పాదం టక్కుమంటేనే చోటు సరి. పాదం కదలక ఉత్త తిమ్మిరి వస్తే అర సెం.మీ. వెనక్కి జరపండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ బుడిపె మీద పట్టీని బిగించి కట్టకండి. నరం అక్కడ చర్మానికీ ఎముకకీ మధ్య నలిగే చోట ఉంది. గంటల తరబడి నొక్కితే పాదం పైకి లేవకుండా వేలాడిపోయే ప్రమాదం ఉంది.

చురుక్_చురుక్
రెండు పాదాలూ పెట్టే పళ్లెం రకం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక్క పాదం పెడితే ఏమీ రాదెందుకు?

ఓమ్_మామ
ఒక పళ్లెం ప్లస్, ఇంకోటి మైనస్. కరెంటు ఒక కాలెక్కి, నడుము కింద దాటి, రెండో కాలు దిగుతుంది. ఒక్క పాదం పెడితే దారి లేదు. అరికాలి చర్మం మందం, పగుళ్లుంటే నిరోధం ఇంకా ఎక్కువ, పాదం తడిపి పెట్టాలి. పిక్క పట్టీలో రెండు ప్యాడ్లూ ఒకే కాలి మీద గనక కరెంటు అక్కడక్కడే తిరుగుతుంది. ఆ సౌకర్యం పాడుచేసుకుంటూ ఒక ప్యాడ్ కుడికాలికి, ఒకటి ఎడమకాలికి పెట్టకండి.

రాత్రిడ్యూటీ
పేస్‌మేకర్, ఐసీడీ (గుండె లయ తప్పితే షాకిచ్చే పరికరం) ఉన్నవాళ్లు రెండు రకాలూ వద్దు, డాక్టరు చూసి ఒప్పుకుంటే తప్ప. గర్భిణులూ అడగకుండా వాడొద్దు. పుండు మీద, ఉబ్బిన సిర మీద, చికిత్సలో ఉన్న గడ్డ దగ్గర ప్యాడ్ వద్దు. మోకాలి మార్పిడిలో పెట్టిన లోహం మాత్రం అడ్డు కాదు, ఆ ఆపరేషన్ తర్వాతే తొడ కండకి స్టిమ్యులేషన్ ఇస్తారు.

మధుమేహం ఉన్నవాళ్లకి రెండు మాటలు. అరికాలికి దూది తగిలితే తెలియనివాళ్లు ప్యాడ్ కాల్చినా తెలుసుకోలేరు, వాళ్లకి ఒంటరిగా వాడే పని కాదు. ఇక ధమనులు మూసుకుపోయినవాళ్లు. కండను పని చేయిస్తే అది రక్తం అడుగుతుంది, వచ్చే దారి సన్నగా ఉంటే నొప్పే మిగులుతుంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లోపు వస్తే ధమని జబ్బు. మధుమేహంలో నాళాలు గట్టిపడి 1.4 పైన చూపించొచ్చు, దాన్ని చూసి మురిసిపోవద్దు.

అనుమానాల_అప్పి
డబ్బా మీద "ఎఫ్‌డీఏ" అని అచ్చు వేస్తారుగా. అంటే రుజువైనట్టే కదా?

సిరల_సంగతి
కాదు. అమెరికాలో ఇవి పవర్డ్ మజిల్ స్టిమ్యులేటర్లు (కరెంటుతో కండను లేపేవి), వైద్య పరికరాల్లో మధ్యస్థ ప్రమాదం ఉన్న రెండో తరగతి. ఇప్పటికే అమ్ముతున్నదానికి ఇదీ సమానమే అని చూపిస్తే అనుమతి వస్తుంది. "స్థానిక రక్తప్రసరణ పెంచడం" అన్న మాట ఆ వర్గానికి ఎప్పటినుంచో ఉన్నదే. మీ చీలమండ వాపు తగ్గుతుందని అందులో ఎక్కడా లేదు. అదొక్కటి నువ్వు సరైన చోట అనుమానించావ్.

కుర్చీకాళ్లు
స్కోప్ దొరికింది. 1 కిలో ఓమ్ మీద, 20వ లెవెల్: ఎత్తు 34 వోల్టులు, ఫేజు 90 మైక్రోసెకన్లు, సెకనుకి 80, ప్లస్ మైనస్ రెండూ ఉన్నాయి. బిగింపు విరామం ఏమీ లేవు, 20 నిమిషాలూ ఒకటే ధార. ఇంకో రెండు మోడ్‌లు చూశా. "తట్టు" అన్నదాంట్లో సెకనుకి 2, వెడల్పు 220.

ఓమ్_మామ
చెప్పానా, టెన్స్. ఆ "రక్తప్రసరణ" మోడ్‌కీ రక్తానికీ చుట్టరికం లేదు. డీసీ లేదు గనక చర్మానికి భయం లేదు, అంతవరకే మెచ్చుకోవాలి.

పిక్క_పంపు
"తట్టు" మోడ్ వాడుకోవచ్చు. 220 వెడల్పు, 34 ఎంఏ, 5×5 ప్యాడ్లు ఉంటే పిక్క ఎగిరి పడటం కంటికి కనపడాలి. ముందు కాళ్లు ఎత్తు మీద 15 నిమిషాలు పెట్టండి, నీరు కొంచెం దిగితే కరెంటు కండకి దగ్గరవుతుంది. తర్వాత అరికాలు నేలకి ఆనించి, చీలమండ లంబంగా. వేళ్లు కిందికి వాలేసి పెడితే కొంకర్లు పట్టుకుంటాయి. కుర్చీ అంచు తొడ కింద నొక్కకుండా చూసుకోండి, పైదారి మూసి కింద పంపు కొట్టి ఏం లాభం.

మొదటి మూడు రోజులు 10 నిమిషాలే. కండ మర్నాడు పట్టేసినట్టుంటే ఒక రోజు వదిలేయండి. అతిగా వాడి మూత్రం టీ డికాషన్ రంగుకి తిరిగితే ఆలోచించకుండా ఆసుపత్రికి, కండ విరిగి ఆ వ్యర్థం మూత్రపిండాల్లోకి పోతోందని గుర్తు. ఒళ్లంతా వేసుకునే ఈఎంఎస్ సూట్లతో ఇలా జరిగిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఒక్క పిక్కతో అరుదు, అయినా గుర్తు తెలిసి ఉండాలి.

కుర్చీకాళ్లు
"తట్టు"లో 16కే పిక్క ఎగురుతోంది. చురుక్కు లేదు. చీలమండ చుట్టుకొలత టేపుతో సాయంత్రం ఒకే సమయానికి, ఎముక బుడిపెకి నాలుగు వేళ్లు పైన కొలుస్తున్నా. వారం రాసి పెడతా.

సిరల_సంగతి
ఒక వారం పట్టీతో, ఒక వారం పట్టీ లేకుండా గంటకోసారి పాదం 20 సార్లు ఆడిస్తూ. రెండూ రాయండి. లేకపోతే ఏది పనిచేసిందో తెలీదు.

అనుమానాల_అప్పి
మూడో వారం ఉత్త నడక. నా పేరు మీద రాయండి.

జెల్లుబాబు
ఆ తర్వాతా రోజూ వాడితే మూడు వారాలకి ఆ ప్యాడ్లు అయిపోతాయి, ఇప్పుడే ఇంకో జత తెప్పించుకోండి.